జవాబులు నేర్పుతున్నాం, వాదన నేర్పుతున్నామా?

నిరుడు ఆగస్టు 29న జలంత్రకోటకు దగ్గరలో వున్న ఒక ఉన్నత పాఠశాలవారు నన్ను వ్యాసరచన పోటీకి న్యాయనిర్ణేతగా పిలిచారు. గిడుగు రామమూర్తిగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. వ్యాస విషయం కూడా గిడుగువారే. నలభై మూడు వ్యాసాలు నా చేతికి వచ్చాయి. వాటిలో ముప్ఫయికి పైగా ఒకే వాక్యంతో ప్రారంభమై, ఒకే వాక్యంతో ముగిశాయి. మధ్యలో వచ్చిన విశేషణాలు కూడా అదే వరుసలో వచ్చాయి. ఒక పిల్లవాడు నడుమ ఒక వాక్యాన్ని మరచిపోయి, దాని చోటు ఖాళీగా వదిలిపెట్టి, ఆ తరువాతి వాక్యం వ్రాసుకుపోయాడు. గుర్తువస్తే నింపుదామనుకున్నాడు కాబోలు, గంట కొట్టేశారు.

యీ పిల్లల్ని చూసి నవ్వుకునేవాళ్ళుంటే వాళ్ళతో నాకు పనిలేదు. వారం రోజుల ముందే వ్యాసాన్ని నల్లబల్ల మీద వ్రాసి యిచ్చారు. వాళ్ళు కంఠతా పట్టారు. చెప్పిన పని చెప్పినట్టు చేశారు. ఖాళీ వదిలిన ఆ కుర్రవాడు మరీ నిజాయితీగా చేశాడు: తనది కాని వాక్యం స్థానంలో తన వాక్యం పెట్టే అధికారం తనకు లేదనుకున్నాడు. ఆ ఖాళీ స్థలమే యీనాటి మన సాహిత్య బోధనకు సరైన బొమ్మ అని నా ఉద్దేశం. ఆ బొమ్మను గురించే యీ నాలుగు మాటలు.

గిడుగువారు పోరాడింది దేనికోసమో ఒకసారి జ్ఞాపకం చేసుకుందాం. పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో బడిపంతులుగా జీవితం గడిపిన ఆ మనిషి, వాడుక భాష కోసం పోరాడాడని అందరమూ అంటాం. అయితే ఆ పోరాటంలో అత్యంత తీవ్రమైన ఘట్టం కావ్యాల గురించి జరిగినది కాదు. స్కూలు విద్యార్థి వ్రాసే వ్యాసం గురించి జరిగినది. 1912–13 ప్రాంతాలలో స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని వాడుక భాషలో వ్రాసే స్వేచ్ఛ విద్యార్థికి లభించింది. వెంటనే పండితలోకం అట్టుడికిపోయింది. సభలు పెట్టారు, మహజర్లు పంపారు. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన తెలుగు వ్యాసరచన ఉపసంఘంలో గురజాడ అప్పారావుగారు 1914లో తన అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. ఓడిపోయారు. యిచ్చిన స్వేచ్ఛ కొద్ది సంవత్సరాలలోనే రద్దయింది. మరుసటి ఏడు, 1915లో, గురజాడ కన్నుమూశారు.

అప్పటి సమస్య యేమిటి? పద్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లవాడు తన వాక్యం తాను వ్రాయవచ్చునా, లేక పెద్దలు ఆమోదించిన వాక్యాన్నే తిరిగి వ్రాయాలా అన్నదే. శబ్దరూపాల గురించి జరిగినట్టు కనిపించిన ఆ తగాదా లోపల వున్న తగాదా యిది. భాష విషయంలో గిడుగువారు చివరకు గెలిచారు. యీనాడు పాఠ్యపుస్తకం వాడుక భాషలో వుంది, పత్రిక వుంది, పరీక్షా పత్రం వుంది. కాని ఆ గెలుపులో సగం మాత్రమే బడిలోకి ప్రవేశించింది. వాక్యం వాడుక భాషలోకి వచ్చింది. విద్యార్థి చేతికి మాత్రం రాలేదు. గ్రాంథికంలో వల్లెవేసిన దానిని వ్యావహారికంలో వల్లెవేస్తున్నాం. గిడుగువారి జయంతినాడు గిడుగువారి మీద వ్యాసాన్ని కంఠస్థం చేయించడం కంటె ఆయనకు చేయగల అపచారం మరొకటి నాకు తోచదు.

పాఠ్యపుస్తకాలే చెడ్డవని నేను అనను. ఉమ్మడి రాష్ట్రం చివరి రోజులలో వచ్చిన తెలుగు వాచకాలలో ప్రశ్నలకు పెట్టిన శీర్షికలు చూడండి: అవగాహన–ప్రతిస్పందన అన్నారు, వ్యక్తీకరణ–సృజనాత్మకత అన్నారు. మీ అభిప్రాయం చెప్పండి, సమర్థించండి అన్నారు. కాగితం మీద యివి మంచి మాటలే. కాని ఆ వాచకం వచ్చిన కొద్దికాలానికే గైడు వస్తుంది. “మీ అభిప్రాయం యేమిటి?” అన్న ప్రశ్నకు గైడులో జవాబు అచ్చయి వుంటుంది. నా అభిప్రాయం పదకొండో పేజీలో వుంది! దానిని నేను పరీక్షలోగా కంఠతా పట్టాలి! దేశంలో యిన్ని వింతలున్నాయి గాని, మనిషి అభిప్రాయాన్ని అతను పుట్టకముందే అచ్చువేసి అమ్మే వింత మాత్రం మన విద్యావ్యాపారులదే.

యిక పదవ తరగతి దాటిన తరువాతి సంగతి తెలిసిందే. ఇంటర్మీడియేటులో మార్కులు యెక్కువ వస్తాయన్న ఒక్క కారణంతో వేలకొద్దీ పిల్లలు తెలుగు వదిలి సంస్కృతం తీసుకుంటున్నారు. సంస్కృతం మీద ప్రేమతో అయితే సంతోషించేవాణ్ణి. దానిని వల్లెవేయడం సులభమని తీసుకుంటున్నారు. అంటే, భాష యేదయినా పరీక్ష కోరేది ఒక్కటే.

నేను డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెప్పుకునే వాణ్ణి. నా తరగతికి వచ్చేసరికి వాళ్ళు పన్నెండేళ్ళు తెలుగు చదివి వుంటారు. “యీ కథలో నీకు నచ్చనిది యేమిటి?” అని అడిగితే తలవంచుకుంటారు. వాళ్ళకు నచ్చనివి లేక కాదు. నచ్చలేదని చెప్పడం తప్పని నేర్చుకుని వచ్చారు. రోగం పైన లేదు, కింద వుందని గ్రహించి, ఒకటిన్నర యేడుగా ఆదివారాలు జలంత్రకోట చుట్టుపక్కల గ్రామాల తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఇరవై మందిని కూర్చోబెట్టుకుని కథలు చదువుతున్నాను. నేను వాళ్ళకు నేర్పిన దాని కంటె వాళ్ళు నాకు నేర్పినది యెక్కువ. అందులో ఒకటి చెప్పి తీరాలి, అది నాకు గౌరవం తెచ్చేది కాకపోయినా.

గురజాడవారి “దిద్దుబాటు” చదివాం. 1910లో “ఆంధ్రభారతి”లో వచ్చిన కథ. భర్త గోపాలరావు సానుల పాటలు వినడానికి అలవాటుపడి రాత్రి ఆలస్యంగా యిల్లు చేరతాడు. భార్య కమలిని వుండదు. ఆమె పెట్టిపోయిన ఉత్తరం వుంటుంది. అతను పశ్చాత్తాపంతో కుంగిపోతాడు. చివరకు ఆమె మంచం కిందనుంచి నవ్వుతుంది. పిల్లలు పకపక నవ్వారు. నేను చెప్పవలసినది చెప్పాను: స్త్రీవిద్య ఫలితం, సంఘ సంస్కరణ, ఆధునిక కథకు ఆరంభ దశ, యిత్యాది. తరువాత ప్రశ్న యిచ్చాను: “గోపాలరావు నిజంగా దిద్దుబాటు అయినాడా?” వ్రాసి తెమ్మన్నాను.

పంతొమ్మిది మంది అయినాడని వ్రాశారు. నేను చెప్పిన మాటలే కొంచెం అటూ యిటూ చేసి వ్రాశారు. ఒక్క పిల్ల మాత్రం నౌకరు రాముణ్ణి గురించి వ్రాసింది. భార్య కనబడలేదన్న కోపంలో గోపాలరావు రాముణ్ణి కొట్టాడనీ, కొట్టినవాడు భార్య విషయంలో దిద్దుబాటు అయితే అయివుండవచ్చు గాని మనిషిగా అవలేదనీ వ్రాసింది. అరపేజీ. మూడు అక్షరదోషాలు. నేను ఆ కాగితం మీద ఎర్రసిరాతో “అప్రస్తుతం” అని వ్రాశాను.

కాగితం తిరిగి యిచ్చినప్పుడు ఆ పిల్ల నిలబడి, “మరి రాముడి మాటేటి, మాస్టారూ?” అంది.

“యీ కథ స్త్రీ విద్యను గురించి, అమ్మా” అన్నాను.

కూర్చుంది. ఆ తరువాత నోరు విప్పలేదు.

ఆ రాత్రి కథను మళ్ళీ చదివాను. ఆమె చెప్పినది కథలో వుంది. నేను పదేళ్ళుగా ఆ కథ చెబుతూ దాని మీద నుంచి దాటుకుంటూ పోయాను. యెందుకు? నా దగ్గర తీర్పు ముందే తయారుగా వుంది కాబట్టి. యీ కథ అభ్యుదయ కథ. యిది స్త్రీ పక్షాన నిలబడింది. ఆ తీర్పుకు పనికివచ్చే వాక్యాలు నాకు కనిపించాయి, పనికిరానివి కనిపించలేదు. ఆ పిల్ల అన్న విశాఖపట్నంలో ఒకరి యింట్లో పనికి కుదిరి వున్నాడని తరువాత తెలిసింది. శ్రామికవర్గ దృక్పథం గురించి సభలలో మాట్లాడేది నేను. ఆ దృక్పథంతో కథ చదివింది ఆమె. నేను ఆమెకు యిచ్చినది ఎర్రసిరా.

మరుసటి ఆదివారం ఆ కాగితం అందరి ముందూ పెట్టి నా తప్పు ఒప్పుకుని, వాదన మొదలుపెట్టమన్నాను. ఒక కుర్రవాడు లేచి, “కొట్టాడు సరే, వెంటనే పశ్చాత్తాపపడ్డాడు కదా, వీపు నిమిరాడు కదా” అని పుస్తకంలో వేలు పెట్టి చూపించాడు. మంచి మాట. ఆ పిల్ల రెండు నిమిషాలు పుటలు తిప్పింది. “తెల్లారితే అమ్మగారిని తీసుకురాడానికి పంపవలసింది ఆ రాముణ్ణే. పని పడింది, అందుకని నిమిరాడు” అంది. తరగతి అంతా లేచి కూర్చుంది. మరొకడు, “రాముడు ఆడవాళ్ళ చదువును వెక్కిరిస్తాడు, కాబట్టి రచయిత అతణ్ణి నవ్వులాటకే పెట్టాడు” అన్నాడు. “నవ్వులాటకు పెడితే మాత్రం దెబ్బ తగలదా?” అని యింకొకరు. గంటన్నర గడిచింది. గోపాలరావు దిద్దుబాటు అయినాడా కాలేదా అన్నది తేలలేదు. కాని ఆ కథను ఆ ఇరవై మందీ బతికినంత కాలం మరచిపోరు.

మరొక సంగతి కూడా ఆ రోజునే బయటపడింది. రాముడు ఆ కథలో మాట్లాడే మాట యెవరిది? మన కళింగాంధ్ర శ్రామికుడి మాట. గురజాడవారు నూరేళ్ళ కిందట దానిని ధైర్యంగా అచ్చులోకి యెక్కించారు. ఆ పిల్ల “రాముడి మాటేటి” అని తన కాగితంలో వ్రాస్తే, “ఏటి” కింద గీత గీసి “ఏమిటి” అని దిద్దింది నేను! సాహిత్య చరిత్రలో గురజాడకు జేజేలు కొట్టి, తరగతి గదిలో జయంతి రామయ్య పంతులుగారి పక్షాన చేరేవాళ్ళం మనలో యెంతమందిమో లెక్క తీయవలసి వుంది.

యిక అసలు విషయానికి వస్తాను. పాలకవర్గాల విద్య పిల్లలకు ఆలోచన నేర్పదని మనం వ్యాసాల మీద వ్యాసాలు వ్రాశాం. నిజమే. వాళ్ళకు ఆలోచించే మనిషితో అవసరం లేదు. చెప్పిన పని చేసే మనిషి కావాలి. అది వాళ్ళ ప్రయోజనం. అయితే మన ప్రయోజనం యేమిటి? మన శిక్షణ తరగతులలో, మన ఆదివారం బడులలో, మన వాళ్ళు పాఠాలు చెప్పే తరగతులలో జరుగుతున్నది యేమిటి? “యీ కవితలో అభ్యుదయ భావాలు కనిపిస్తాయి”, “యీ రచయిత పీడితుల పక్షం వహించాడు”, “యీ నవలలో భూస్వామ్య భావజాలం వుంది” – యీ వాక్యాలను మన విద్యార్థులు అప్పజెబుతున్నారు. యెక్కడ వుంది, చూపించు అంటే చూపించలేరు. గైడుకు ఎర్ర అట్ట వేసినంత మాత్రాన అది గైడు కాకుండా పోదు. తీర్పు సరైనదే కావచ్చు. దానికి దారి తెలియనివాడి చేతిలో సరైన తీర్పు కూడా వల్లెవేతే.

మన విమర్శ సంప్రదాయం యిది కాదు. రాచమల్లు రామచంద్రారెడ్డిగారిని చూడండి. 1968 నుంచి కడపలో “సంవేదన” నడిపిన కాలంలోనూ, “సారస్వత వివేచన” వ్యాసాలలోనూ ఆయన పద్ధతి ఒకటే: రచనను ముందు పెట్టుకోవడం, మాట మాటనూ నిలదీయడం. దిగంబర కవుల తిరుగుబాటు చూసి యువలోకం ఉర్రూతలూగుతున్నప్పుడు కూడా ఆ కవిత్వాన్ని కవిత్వంగా తూచడానికి ఆయన వెనుకాడలేదు. ఆయన తీర్పులతో నేను చాలా చోట్ల యేకీభవించను. కాని యెక్కడ యేకీభవించనో వేలు పెట్టి చూపగలను. యెందుకంటే ఆయన తన దారిని దాచలేదు. అదే వాదన చేసే మేలు. కాదనడానికి కూడా అది చోటు యిస్తుంది.

మన జిల్లా సొంత ఉదాహరణే వుంది. కాళీపట్నం రామారావుగారి “యజ్ఞం” 1960లలో వచ్చింది. అప్పు తీర్చే న్యాయం పేరుతో పల్లెపెద్దలు అప్పల్రాముణ్ణి కట్టిపడేస్తే, అతని కొడుకు సీతారాముడు తన బిడ్డను తానే చంపుకుంటాడు. ఆ ముగింపు సరైనదా, కాదా? అది తిరుగుబాటా, నిరాశా? మన శిబిరంలోనే దశాబ్దాల తరబడి వాదించుకున్నాం. ఆ వాదన వల్ల కథ చిన్నదయిందా? లేదు, పెద్దదయింది. మరి పిల్లల దగ్గరకు వచ్చేసరికి ఆ వాదనను దాచిపెట్టి, “గొప్ప కథ, వర్గవైరుధ్యాలను చిత్రించింది” అన్న ఫలితాన్ని మాత్రమే యెందుకు పంచుతున్నాం? భోజనం మనం చేసి, వాళ్ళకు విస్తరాకు చూపించడం కాదా యిది? ఆ రామారావుగారు ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు. 1997లో శ్రీకాకుళంలో కథానిలయాన్ని నిలబెట్టి వేలాది కథలను చేర్చిపెట్టారు. ఆ కథలు అక్కడ పడివుండి యెదురుచూస్తున్నవి పరిశోధకుల కోసమేనా?

వాదన నేర్పడం అంటే వితండం నేర్పడం కాదు. పిల్లలతో నేను పాటిస్తున్న పద్ధతి చాలా సామాన్యమైనది. మొదట, నీ మాట ఒక్క వాక్యంలో చెప్పు. అది ఎదుటివాడు కాదనడానికి వీలున్న మాటగా వుండాలి. “గురజాడ గొప్ప రచయిత” అంటే కాదనేవాడు లేడు, కాబట్టి అది వాదన కాదు. రెండవది, నీ మాటకు ఆధారం రచనలో యెక్కడ వుందో చూపించు. మూడవది, ఆ ఆధారంనుంచి నీ మాట యెలా వచ్చిందో విప్పి చెప్పు. చాలామంది పిల్లలు, చాలామంది విమర్శకులు కూడా, యిక్కడే గంతు వేస్తారు. నాలుగవది, ఎదుటివాడి బలమైన మాటను అతనికంటె బాగా నీవే చెప్పి, దానికి జవాబు యివ్వు. జవాబు లేకపోతే నీ మాట మార్చుకో. మార్చుకున్నవాడికి తరగతిలో మర్యాద తగ్గకూడదు. అందుకే ముందు ఉపాధ్యాయుడు మార్చుకుని చూపించాలి.

యిదేదో పట్నపు బడుల విలాసమని అనుకునేవాళ్ళ కోసం ఇటలీ సంగతి ఒకటి చెబుతాను. ఫ్లోరెన్సుకు ఉత్తరాన కొండల మధ్య బార్బియానా అనే పల్లె. లొరెంజో మిలానీ అనే మతగురువు అక్కడ బడిలో తప్పిపోయిన రైతు పిల్లలకు చదువు చెప్పాడు. ఆ పిల్లలు ఎనిమిది మంది కలిసి, తమను తప్పించిన పంతులమ్మకు ఉత్తరం రూపంలో ఒక పుస్తకం వ్రాశారు. 1967లో అచ్చయింది. చాలా భాషలలోకి వెళ్ళింది. ధనికుల పిల్లలు పాసవుతారు, పేదల పిల్లలు తప్పుతారు అన్న మాటను వాళ్ళు నినాదంగా చెప్పలేదు; లెక్కలు తీసి, పట్టికలు కట్టి నిరూపించారు. వాళ్ళు వ్రాసిన తీరు యిది: ఒక్కొక్కడూ తనకు తోచిన మాటలను చిన్న చీటీల మీద వ్రాస్తాడు, చీటీలన్నీ బల్ల మీద పరుస్తారు, ఒకే మాట రెండుసార్లు వుంటే ఒకటి తీసేస్తారు, మిగతావి గుంపులు కట్టి వరుస పెడతారు, ఆపైన వాక్యాలు చదివి, అక్కరలేని ప్రతి మాటనూ కొట్టివేస్తారు. చీటీలు, బల్ల, ఓపిక. జలంత్రకోటలో లేనిది యిందులో యేముంది?

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది: “పిల్లలకు ముందు భాష రావాలి, తరువాత కదా వాదన.” యీ మాట విన్నప్పుడల్లా, నీళ్ళలో దిగకముందే ఈత నేర్చుకోమన్న సామెత జ్ఞాపకం వస్తుంది. ఆ పిల్ల “రాముడి మాటేటి” అన్నప్పుడు ఆమెకు భాష లేకనా? చెప్పవలసిన మాట వున్నవాడికి భాష వస్తుంది. చెప్పవలసినది లేనివాడికి అలంకారాలు వస్తాయి.

రెండవది: “పరీక్ష వుంది, మేమేం చేయగలం?” ఉపాధ్యాయ మిత్రుల కష్టం నేనెరుగుదును. నూటికి నూరు ఉత్తీర్ణత చూపమని పైనుంచి వత్తిడి, దాని కిందనే వాళ్ళ బతుకు. కాని పరీక్షను మనం ఆకాశంనుంచి వూడిపడ్డ దానిలా చూడరాదు. దాని రూపం గురించి 1912లోనూ 1914లోనూ అంత పోరాటం జరిగితే, నేటి ఉపాధ్యాయ సంఘాల కోర్కెల జాబితాలో అది ఒక్క వాక్యంగానయినా వుండకపోవడం యేమిటి? జీతభత్యాలకు సమ్మె చేయగలిగినవాళ్ళం ఒక మంచి ప్రశ్న కోసం ఒక తీర్మానం చేయలేమా?

మూడవది మన శిబిరంలోనిది, అన్నిటికంటె బలమైనది: “యిదంతా ఉదారవాదుల తటస్థ వైఖరి. పిల్లలకు సరైన దృక్పథం యివ్వడం మన బాధ్యత. యెవరి అభిప్రాయం వాళ్ళదని వదిలేస్తే, వున్న సమాజం నింపి పంపిన అభిప్రాయాలే గెలుస్తాయి.” యీ మాటలో సత్యం వుంది. నేను తటస్థుణ్ణి కాను. యెవరి అభిప్రాయం వాళ్ళదే అన్నది వాదనకు ఆరంభం కాదు, వాదనను ఆపివేసే మాట. వాదనలో అభిప్రాయాలన్నీ సమానం కావు. ఆధారమున్నది నిలుస్తుంది, లేనిది పడిపోతుంది. అయితే నా అభిప్రాయం కూడా ఆ పందెంలో పరుగెత్తాలి. మన దృక్పథం సత్యమని మనకు నమ్మకముంటే పద్నాలుగేళ్ళ పిల్ల ప్రశ్నకు భయపడడం యెందుకు? నోటికి అప్పజెప్పించిన అభ్యుదయం యెంతకాలం నిలుస్తుంది? నిన్న మన సభలో నినాదం కంఠతా పట్టిన కుర్రవాడే యీనాడు చేతిలోని ఫోనులో వచ్చిన కులద్వేషపు మాటనో మతద్వేషపు మాటనో అంతే భక్తిగా పది మందికి పంపుతున్నాడు. మనం అతనికి నేర్పినది నమ్మడం. యెవరిని నమ్మాలన్నది తరువాత వచ్చినవాడు మార్చివేశాడు. “యెక్కడుంది, చూపించు” అనడం నేర్పివుంటే అంత సులభంగా పోయేవాడు కాదు.

సాహిత్యం మీద వాదించడం నేర్చుకుంటే బతుకులో యేమి లాభమని అడిగే మిత్రులను సోంపేట దాకా రమ్మంటాను. 2010 జూలై 14న అక్కడి బీల ప్రాంతంలో థర్మల్ కేంద్రం వద్దన్న రైతుల మీద, మత్స్యకారుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. అదే రోజున ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి యిచ్చిన అనుమతిని రద్దు చేసింది. ఆ తగాదాలో కీలకం ఒక వివరణ: ఆ నేల పనికిరాని నేలా, లేక నీరు నిలిచి పంటనూ చేపనూ యిచ్చే బీలా? కాగితం ఒకటి చెప్పింది. నేల మరొకటి చెప్పింది. ఆ కాగితాన్ని మాట మాటగా చదివి, యిది అబద్ధమని ఆధారంతో చూపగలిగిన మనుషులు కావలసి వచ్చారు. రోడ్డు మీద నిలబడ్డవాళ్ళ త్యాగం లేకపోతే ఆ వాదన యెవరూ వినేవారు కాదు. ఆ వాదన లేకపోతే త్యాగానికి చట్టంలో చోటు దొరికేది కాదు. యీ రెండింటినీ విడదీయవద్దు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరితోటలను, జీడితోటలను నేలమట్టం చేసినప్పుడు ప్రతి యింటికీ ఒక అర్జీ అవసరమయింది. పది చదివిన పిల్లలు యింటింటా వున్నారు. అయినా అర్జీ వ్రాయించుకోవడానికి మనుషులు వరుసలు కట్టారు. నష్టం యింత, ఆధారం యిది, లెక్కలో మీ పొరపాటు యిక్కడ వుంది – యీ మూడు ముక్కలు సొంతంగా వ్రాయగలగడానికీ, “దిద్దుబాటు” మీద అరపేజీ సొంతంగా వ్రాయగలగడానికీ తేడా లేదు. రెండూ ఒకే నైపుణ్యం. ఒకే ధైర్యం కూడా. మాస్టారితో “మరి రాముడి మాటేటి?” అనగలిగిన పిల్ల రేపు తహసీల్దారు బల్ల ముందు “మరి మా చెట్ల మాటేటి?” అని అనగలదు. మాస్టారి ఎర్రసిరాకు నోరు మూసుకున్న పిల్ల అక్కడా మూసుకుంటుంది. మనం తరగతిలో మూయించే నోరు తరగతిలోనే మూసుకుని ఆగదు.

కనుక మిత్రులకు నా కోర్కెలు నాలుగే. పదవ తరగతి తెలుగు పరీక్షలో విద్యార్థి యెన్నడూ చూడని ఒక పుట రచన యిచ్చి, దాని మీద ఒక మాట నిలబెట్టి ఆధారం చూపమనే ప్రశ్న ఒకటి వుండాలి. దీన్ని ఉపాధ్యాయ సంఘాలు తమ కోర్కెగా చేర్చాలి. ఆగస్టు 29 పోటీలలో విషయం ముందుగా చెప్పడం మానివేసి, ఒక చిన్న కథను అప్పటికప్పుడు చేతికిచ్చి వాదించమనాలి. చిత్తుప్రతిలో పిల్లవాడి యింటి మాటను దిద్దరాదు. ముందు ఆలోచన తేలనివ్వాలి, శుద్ధప్రతి సంగతి తరువాత. మన సంఘం నడిపే ప్రతి తరగతిలో వక్త ఉపన్యాసానికి ముందు విద్యార్థులు రచన మీద తమ మాట వ్రాసి చదవాలి; వక్త వాటికి జవాబు చెప్పాలి. వక్తలకు యిది కొంత యిబ్బందే. కావాలనే చెబుతున్నాను.

ఆ పిల్ల కాగితం యింకా నా దగ్గరే వుంది. “అప్రస్తుతం” అన్న నా మాటను నేనే కొట్టివేసి, కింద సంతకం పెట్టి, తేదీ వేసి యిస్తానన్నాను. “కొట్టకండి మాస్టారూ, అలాగే వుంచండి. మీరేటి రాసారో, నానేటి రాసానో సదివినోళ్ళకి తెలుస్తాది” అంది. ఆధారాన్ని చెరపకూడదని నేను నేర్పలేదు. ఆమెకే తెలుసు.